వరస చివర నిలబడ్డ మనిషి

"శుక్రవారం విందులో నువ్వు నోరు తెరిచావంటే మన పని అయిపోయినట్టే," అంది లొరైన్. "ముందు నీ ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత బడి వంటగదిలో నా ఉద్యోగం పోతుంది. ఆపైన ఈ ఊళ్ళో మనకి రొట్టె అమ్మేవాడు కూడా మొహం తిప్పుకుంటాడు."

"రొట్టె ఇంట్లోనే కాల్చుకుందాంలే అమ్మా," అంది కొలెట్, బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులుపుకుంటూ.

"నీకు వేళాకోళంగా ఉంది."

లొరైన్ చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. శుక్రవారానికి పన్నెండు తుర్తియేర్‌లు కావాలి. పంది ఖైమాలో ఉల్లిపాయ, లవంగాల పొడి వేసి ఉడికించి, పిండి రేకుల మధ్య కూరి కాల్చే ఈ 'పై'ని ఆమె తల్లి చేసేది, తల్లి తల్లి చేసేది. పదకొండేళ్ళుగా గ్రిండిల్ హార్బర్ చరిత్ర సంఘం వాళ్ళ క్రిస్మస్ విందుకి లొరైనే చేస్తోంది. పదకొండేళ్ళూ వంటగదిలోనే ఉంది. సభ్యురాలిగా చేరమని వాళ్ళు అనలేదు, చేరతానని ఆమె అడగలేదు. కూతుర్ని మాత్రం నిరుడు వారానికి రెండు రోజులు పనికి పెట్టుకున్నారు, పాత ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి. జనవరి నుంచి వారమంతా రావచ్చని అధ్యక్షురాలు మ్యూరియల్ థాక్స్టర్ మాట ఇచ్చింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి లొరైన్‌కి కంటి మీద కునుకు లేదు. చెడ్డ కబురు వింటే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. మంచి కబురు వస్తేనే, అది ఎప్పుడు వెనక్కి పోతుందో అని గుండె దడ.

కొలెట్ సంచీలోంచి ఒక పాత ఫోటో, దాని మీద పరిచిన పల్చటి కాగితం తీసి, పిండి పడని చోటు చూసి బల్ల మీద పెట్టింది.

"చెరిపేశారు."

"ఏం చెరిపేశారు?"

"అమ్మమ్మ పేరు, ఒడీల్ సీర్ అని. నేను పెన్సిల్‌తో రాసింది. రబ్బరు పొట్టు కూడా దులపలేదు, అలాగే వదిలేశారు నేను చూడాలని."

లొరైన్ చేతులు తుడుచుకుంది. తుడుచుకున్నాక మళ్ళీ తుడుచుకుంది. అప్పుడు వంగి చూసింది.

సంఘం వాళ్ళకి ఒక ఆచారం ఉంది. విందు నాడు ప్రతి బల్ల మీదా పేర్లు తెలియని పాత ఫోటో ఒకటి పెడతారు. దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరుస్తారు. తింటూ తింటూ పెద్దవాళ్ళు ఒక్కో తల చుట్టూ గీత గీసి, ఇది ఫలానా వారని పేరు రాస్తారు. ఒక పేరు కింద ముగ్గురు పెద్దవాళ్ళు సంతకం పెడితే చాలు, అది ఖాయం. మర్నాడు టైపు చేసి చీటీ అంటిస్తారు. ఇక దాన్ని ఎవరూ కదపలేరు.

నిరుడు మ్యూరియల్ కూర్చున్న బల్ల మీద పెట్టిన ఫోటో ఇది. థాక్స్టర్ల చేపల ఫ్యాక్టరీ, దాదాపు అరవై ఏళ్ళ కిందట ఫ్లూ జ్వరాలు వచ్చిన సంవత్సరం. పొడుగాటి బల్ల వెనక ఏడుగురు ఆడవాళ్ళు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. తలలకి గుడ్డలు, ఒళ్ళంతా రబ్బరు ఏప్రన్లు, ప్రతి మనిషి చేతిలో చేపల తల, తోక కత్తిరించే కత్తెర. ఫోటోగ్రాఫర్ చూపించమన్నట్టుంది, అందరూ కత్తెర పైకెత్తి పట్టుకున్నారు. ఆరు మొహాలు స్పష్టంగా ఉన్నాయి. ఏడో మనిషి, వరస చివర ఉన్న మనిషి, సరిగ్గా ఆ క్షణాన తల తిప్పేసింది. మొహం ఉండాల్సిన చోట పొగ చుట్టినట్టు ఒక తెల్లటి మరక.

ఆ మరక చుట్టూ గీసిన గీత కింద సిరాతో ఉంది: ఎలినోర్ థాక్స్టర్. యజమాని కూతురు. పనివాళ్ళు జ్వరాలతో పడిపోతే తనే ఏప్రన్ కట్టుకుని ఆడవాళ్ళ పక్కన నిలబడిందని థాక్స్టర్ల ఇంట్లో చెప్పుకునే కథ. కింద మూడు సంతకాలు. మ్యూరియల్ థాక్స్టర్. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన క్లైడ్ హస్కిన్స్. విన్నీ బీల్.

"ఈ చేతులు చూడమ్మా," అంది కొలెట్.

లొరైన్ ఎప్పుడో చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ గుడ్డ పట్టీ చుట్టి, మిగిలిన కొస మణికట్టు దాకా లాగి ముడి వేసి ఉంది. చిన్నప్పుడు అమ్మ చేతికున్న ఆ ముడి పళ్ళతో విప్పే పని తనదే. చేపల వాసన, ఉప్పు రుచి.

"అమ్మమ్మది ఎడమచేతి వాటం అని నువ్వే కదా చెప్పావు. చూడు, కత్తెర ఎడమ చేతిలో ఉంది. మిగతా ఆరుగురిదీ కుడి చెయ్యి."

"ఎడమచేతి వాళ్ళు ఊళ్ళో ఒక్కరే ఉంటారా?"

అలా అంది గానీ లొరైన్ చూపు చేతుల మీద లేదు. ఆ మనిషి నిలబడ్డ చోటు మీద ఉంది. పద్దెనిమిదో ఏట తనూ ఆ బల్ల దగ్గర నిలబడింది. అక్కడ ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎందుకు నిలబడతారో ఆమెకి తెలుసు. ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చెబితే ఈ పిల్ల శుక్రవారం దాకా కూడా ఆగదు.

"ఇల్లు తగలబడ్డప్పుడు అమ్మమ్మ ఫోటోలన్నీ పోయాయన్నావు. ఇదొక్కటీ మిగిలింది. దీని మీద ఇంకొకరి పేరు. నిలువెత్తున అచ్చు వేయించి శుక్రవారం గోడకి బిగిస్తున్నారు, తెలుసా?"

"మొహమే లేని ఫోటో. ఎవరి పేరుంటే ఏం?" అంది లొరైన్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి పిండి మీద గట్టిగా రెండు గుద్దులు గుద్దింది. "నా మీద ఒట్టు వెయ్యి. శుక్రవారం మాట్లాడనని."

కొలెట్ తల్లి చేతుల వంక చూసింది.

"సరే," అంది. "నీ మీద ఒట్టు. నీ భయం మీద కూడా ఒట్టు."

గురువారం మధ్యాహ్నం లొరైన్ చర్చి కింద హాలుకి పైలు మోసుకెళ్ళింది. రెండేసి చొప్పున ఆరుసార్లు కారుకీ మెట్లకీ మధ్య తిరిగింది. ప్రతిసారీ మెట్ల మీద మంచుకి కాలు జారి నడుము విరిగి, శుక్రవారం పైలు లేక విందు ఆగిపోయి, ఆ నెపం కూతురి మీద పడినట్టు ఊహించుకుంది. ఆరోసారి కూడా జారలేదు.

హాల్లో క్లైడ్ హస్కిన్స్ బల్లలు పరుస్తున్నాడు. మ్యూరియల్ కోటు విప్పకుండానే నాప్‌కిన్లు లెక్కపెడుతోంది. ఆమె ఏ గదిలోనూ కోటు విప్పదు, ఇంకెక్కడో తన కోసం ఎదురుచూస్తున్నట్టు.

"నిరుడు పైల అడుగు మెత్తబడింది," అంది తలెత్తకుండా.

"హాలు పొయ్యి సరిగ్గా వేడెక్కదండీ. ఈసారి ఇంట్లోనే ముప్పావు వంతు కాల్చి తెచ్చాను."

"మీ అమ్మాయికి పెన్సిల్ ఇవ్వకూడదు లొరైన్."

లొరైన్ చేతిలో తుర్తియేర్ పళ్ళెం ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.

"చిన్నపిల్లండీ. తెలియక రాసింది."

"ఇరవై ఏడేళ్ళు. ఆ వయసుకి నేను ఈ సంఘం పెట్టాను."

"మీ వాళ్ళకి ఒక్కసారి చోటిస్తే చాలు," అన్నాడు క్లైడ్, బల్ల కాలు సరిచేస్తూ. "ముందు వంటగది, తర్వాత ఫోటోలు, రేపు మా తాత మీసాలు కూడా సీర్‌లవే అంటారు." తన మాటకి తనే నవ్వాడు. "ఎడమ చెయ్యట! ఆ కాలంలో ఫోటోలు తిరగేసి అచ్చు వేసేవాళ్ళు. కుడి ఎడమైపోతుంది. ఆ మాత్రం తెలియని పిల్ల చేతిలో పెట్టామా మన పెట్టెలన్నీ?"

పెద్ద ఫోటో గోడకి ఆనించి ఉంది. మీద కప్పిన దుప్పటి ఒక మూల జారింది. లొరైన్ కళ్ళు అటు వెళ్ళాయి. ఆడవాళ్ళ వెనక పేర్చిన చెక్క పెట్టెల మీద 'థాక్స్టర్' అని పెద్ద అక్షరాలు. తిరగబడలేదు, చక్కగా చదవడానికి వస్తున్నాయి. తిరగేసి ఉంటే మిగతా ఆరుగురూ ఎడమచేతి వాళ్ళై ఉండాలి. ఆమె చదివింది.

"పొరపాటైందండీ. నేను మందలించాను."

"మందలించడం కాదు. జనవరి సంగతి నేనింకా ఎవరికీ కాగితం మీద పెట్టి ఇవ్వలేదు. గుర్తుంచుకోమను." మ్యూరియల్ నాప్‌కిన్ల కట్ట పక్కన పెట్టి మొదటిసారి ఆమె వంక చూసింది. "రేపు ఒక సరదా కార్యక్రమం. ఫోటో మీద గుడ్డ తీశాక నిన్ను పిలుస్తాను. గాజు పెట్టెలో పాత కత్తెర ఉంది కదా, అది పట్టుకుని అప్పట్లో చేపలు ఎలా కత్తిరించేవాళ్ళో చేసి చూపించు. రెండు నిమిషాలు. ఏప్రన్ విప్పకు, బాగుంటుంది."

"చేపలు లేకుండానా అండీ?"

"ఒక బ్రెడ్డు ముక్క తీసుకో," అన్నాడు క్లైడ్. "లేదా నాలుక తీసుకో, సీర్‌లకి అది పొడుగే."

లొరైన్ కూడా నవ్వింది. నవ్వినందుకు ఇంటికెళ్ళే దారంతా దవడ నొప్పి పెట్టింది.

వంటగది గుమ్మానికి అతికించిన భోజనాల పట్టికలో మూడో వరస పదకొండేళ్ళుగా ఉన్నట్టే ఉంది: థాక్స్టర్ ఇంటి పంది మాంసం పై.

శుక్రవారం అయిదింటికే జనం వచ్చేశారు. అరవై మంది. కోట్ల మేకులు చాలక కుర్చీల వీపుల మీద వేశారు. బల్లల మీద ఎర్ర కొవ్వొత్తులు, వాటి మధ్య పేర్లు లేని ఫోటోలు, ట్రేసింగ్ కాగితాలు, చెక్కిన పెన్సిళ్ళు. వంటగదికీ హాలుకీ మధ్య గోడలో వడ్డించే కిటికీ ఉంది. లొరైన్‌కి విందంటే ఆ కిటికీలోంచి కనిపించినంతే.

పందితొడ ముక్కలు, నూరిన టర్నిప్ దుంప, క్రాన్‌బెర్రీ పచ్చడి, తను చేసిన తుర్తియేర్‌లు. పళ్ళేలు నింపి అందిస్తూ ఆమె మూడు చోట్లకే చూసింది. కోట్ల గుట్ట పక్కన చిట్టచివరి బల్ల దగ్గర కొలెట్. పెద్ద ఫోటో ముందు మ్యూరియల్, ఈ ఒక్క రోజూ కోటు లేకుండా. ఆమె పక్క కుర్చీలో విన్నీ బీల్, అందరికంటే పెద్దదని రొమ్ము మీద ఎర్ర పువ్వు గుచ్చారు. తొంభై ఒకటి. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ వరసలకి మేస్త్రమ్మ. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, ఎవరికి ఎంత గట్టిగా అరవాలో అన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. ఇప్పుడు థాక్స్టర్ల ఇంటి మేడ మీద గదిలో ఉంటోంది. వెచ్చదనం కూడా వాళ్ళ పొయ్యిదే. పది మాటలకి ఒకటి పలుకుతుంది. చెవులు వినపడవని కొందరు, వినపడనట్టుంటుందని కొందరు.

మ్యూరియల్ చెంచాతో గ్లాసు మీద కొట్టింది. దుప్పటి లాగేశారు. చప్పట్లు. ఏడుగురు ఆడవాళ్ళు కత్తెరలు ఎత్తి హాలంతటినీ చూస్తున్నారు, ఒక్క చివరి మనిషి తప్ప.

"మా ఎలినోర్ అత్తయ్య," అంది మ్యూరియల్. "సుఖంగా ఇంట్లో కూర్చోగలిగిన మనిషి. మూడు వారాలు నిలబడింది, పనివాళ్ళ పక్కన, వాళ్ళలో ఒకతెగా. ముగ్గురు సంతకం పెట్టిన పేరు ఇది." చీటీ చదివింది. చదివాక హాలు చివరికి చూసింది. "మన కొలెట్‌కి ఏదో సందేహం ఉండేది. ఇప్పుడు తీరింది కదూ కొలెట్?"

అరవై తలలు తిరిగాయి.

కొలెట్ మెడ కింది నుంచి పైకి ఎర్రబడటం కిటికీలోంచి కూడా కనిపించింది. ఆ పిల్ల ఎవరినీ చూడలేదు, నేరుగా కిటికీ వంక చూసింది. లొరైన్ తల అడ్డంగా ఊపింది. వద్దు. చిన్నగా ఊపింది, కానీ ఊపింది.

"తీరింది మిసెస్ థాక్స్టర్," అంది కొలెట్.

"గట్టిగా చెప్పమ్మా, వెనకవాళ్ళకి వినపడలేదు," అన్నాడు క్లైడ్.

"తీరింది."

ఎవరో నవ్వారు. లొరైన్ చేతిలో గరిటె ఉంది. దాన్నుంచి టర్నిప్ ముద్ద ముద్దగా కిటికీ గట్టు మీద పడుతోంది. ఆమె తుడవలేదు. పిల్ల ఉద్యోగం నిలబడింది. తను కోరుకున్నది సరిగ్గా అదే. పిల్ల ఒట్టు నిలబెట్టుకుంది. కానీ తల దించుకుని నాప్‌కిన్ మడతపెడుతున్న ఆ భంగిమ తనది. పదకొండేళ్ళుగా ఈ కిటికీ వెనక తను నిలబడ్డ తీరు అది. పిల్లకి ఎప్పుడు నేర్పింది? ఇప్పుడే. తల ఊపి.

"లొరైన్! రా, కత్తెర చూపించు," అని పిలిచింది మ్యూరియల్.

చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. పడిపోతానేమో అనుకుంది, పడితే కొవ్వొత్తి మీద పడి బల్లగుడ్డ అంటుకుంటుందేమో అనుకుంది. పడకుండానే ఫోటో దాకా వచ్చింది. క్లైడ్ కత్తెర ఇచ్చాడు. నల్లటి ఇనుము. బొటనవేలి చోటు అరిగి నున్నగా ఉంది. నలభై ఏళ్ళ తర్వాత పట్టుకున్నా వేళ్ళు వాటి చోట్లు అవే వెతుక్కున్నాయి.

"చేపలు ఇటు నుంచి వస్తాయి," అంది. "ఈ చేత్తో పట్టుకోవాలి. తల ఒక కోత, తోక ఒక కోత, డబ్బాలో పడుకోబెట్టాలి. డబ్బాకి అయిదు చేపలు." గాలిలో చేసి చూపించింది. తల, తోక, డబ్బా. తల, తోక, డబ్బా. కత్తెర చప్పుడు హాల్లో పలికింది. భుజం దానంతటదే కిందకి దిగింది, వీపు వంగింది. నవ్వుకోవడానికి సిద్ధమైన వాళ్ళు నవ్వలేదు, చెయ్యి అంత వేగంగా ఉంది. "మనిషికీ మనిషికీ మధ్య జానెడు చోటు కూడా ఉండదు. అందరి కత్తెరా ఒకే వైపు ఉండాలి. లేకపోతే మోచెయ్యి వెళ్ళి పక్కదాని చేతికి తగులుతుంది. నా కళ్ళ ముందే ఒకామె వేలు తెగింది."

"చాలా బాగుంది," అంది మ్యూరియల్. "అందరూ చప్పట్లు..."

లొరైన్ కత్తెర ఎడమ చేతిలోకి మార్చుకుంది.

మ్యూరియల్‌ని దాటి రెండడుగులు వేసి విన్నీ బీల్ కుర్చీ ముందు నిలబడింది. పనిలో చేరడానికి వచ్చిన కొత్తమ్మాయి మేస్త్రమ్మ ముందు నిలబడ్డట్టు, పాదాలు దగ్గరగా పెట్టి.

"మేస్త్రమ్మ గారూ. నేను ఇలా పట్టుకునే దాన్నయితే నన్ను ఎక్కడ నిలబెడతారు?"

హాల్లో ఎవరో ఫోర్క్ కింద పెట్టారు.

"లొరైన్, ఇది కార్యక్రమంలో లేదు," అంది మ్యూరియల్.

"ఫోటో తిరగేసి అచ్చు వేశారని చెప్పాను కదా," అన్నాడు క్లైడ్.

"వెనక పెట్టెల మీద థాక్స్టర్ల పేరు చదవండి హస్కిన్స్ గారూ. తిరగబడిందేమో చూడండి," అంది లొరైన్, అతని వైపు తిరక్కుండానే.

కొందరు లేచి చూశారు. ఒకాయన పెదాలు కదుపుతూ చదివాడు. కూర్చున్నాడు.

"విన్నీ అలిసిపోయింది," అంది మ్యూరియల్. వంగి ముసలామె భుజం మీద చెయ్యి వేసింది. "ఇంటికెళ్దామా విన్నీ? చలిగా ఉందా? నిరుడు నువ్వే కదా సంతకం పెట్టావు, ఈ గొడవంతా నీకెందుకు?"

విన్నీ బీల్ ఆ చేతి వంక చూసింది. తర్వాత ఒళ్ళో ఉన్న తన చేతుల వంక చూసుకుంది.

లొరైన్ కత్తెర దించలేదు. మణికట్టు లాగేస్తోంది. జనవరి పోయింది. బడి వంటగది పోయింది. ఈ ముసలావిడ మేడ గది కూడా పోతుందేమో, చలికి పోతుందేమో, ఆ పాపం తనకే చుట్టుకుంటుందేమో. అన్నీ వరసగా కళ్ళ ముందు నడిచాయి, నడిచి వెళ్ళిపోయాయి. అవి వెళ్ళాక చూస్తే తను ఇంకా నిలబడే ఉంది. హాలు చివర కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడకుండానే తెలిసింది, కొలెట్ లేచి నిల్చుంది.

కొవ్వొత్తులు చిటపటలాడాయి. వంటగదిలో ఏదో మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ కదలలేదు. మ్యూరియల్ గ్లాసు మీద చెంచాతో మళ్ళీ కొట్టింది, ఒకసారి, రెండుసార్లు.

విన్నీ బీల్ భుజం మీది చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని, మురికి గుడ్డ తీసినట్టు తీసి పక్కన పెట్టింది.

"చివర," అంది. ఫ్యాక్టరీ మోతకి పైన పలికిన గొంతు, ఇంకా అలాగే ఉంది. "ఎడమచేతి వాళ్ళని చివరే నిలబెట్టాలి. నా వరసలో ఎడమచేతిది ఒక్కతే ఉండేది. ఒడీల్ సీర్." గోడ మీది తెల్లటి మరక వైపు వేలు చూపించింది. "కదలొద్దని ఫోటో తీసేవాడు అరిచి అరిచి చెప్పాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు కింద మెట్ల దగ్గర చేపల పెట్టెలో పడుకోబెట్టిన పిల్ల ఏడ్చింది." వేలు మెల్లగా గోడ నుంచి లొరైన్ మీదకి తిరిగింది. "నువ్వే. అందుకే మీ అమ్మ తల తిప్పింది."